పోలిక ఎవరి కోసం? లాలా లజపతి రాయ్‌తో బాబాసాహెబ్ విభేదం

బసంత్‌నగర్‌లో రాజీవ్ రహదారి పక్కన ఒక చాయ్ హోటల్ ఉంది. ఆదివారం పొద్దున మేం కొంతమందిమి అక్కడ కలుస్తాం. మాలో సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాళ్లున్నారు, గోదావరిఖని గనుల్లో దిగేవాళ్లున్నారు, పెద్దపల్లిలో డిగ్రీ చదివే పిల్లలున్నారు. పేపర్ చదువుతాం, మస్టర్ల గొడవలు మాట్లాడుకుంటాం, ఏప్రిల్ వచ్చిందంటే జయంతి పనులు పంచుకుంటాం. మొన్న జయంతికి ముందు అట్లా కూర్చున్నప్పుడు మా మిత్రుడు ఒకాయన ఒక మాటన్నాడు. ఆయన గని కార్మికుడు. మా కులం కాదు గానీ మా కష్టంలో చాలాసార్లు నిలబడ్డ మనిషి. ఇంక్లైన్ దిగి పైకొచ్చాక అందరి మొఖం ఒకటే నలుపని, బొగ్గు మసి పూసుకున్నాక అందరం అంటరానోళ్లమేనని, గని లోపల కులం లేదని ఆయన చెప్పాడు. ప్రేమతోనే చెప్పాడు. కానీ మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

మాలో ఒక తమ్ముడు మెల్లగా జవాబిచ్చాడు. షిఫ్టు అయ్యాక సబ్బు పెడితే ఆ నలుపు పోతుందని, ఇల్లు కిరాయికి అడిగినప్పుడు మసి సంగతి ఎవరూ అడగరని, మా సంగతి అట్లా కాదని అన్నాడు. మిత్రునికి కోపమొచ్చింది. తాను కలుపుదామని చూస్తే మేం విడదీస్తున్నామని, కార్మికుల మధ్య ఇదే చీలిక తెస్తుందని అన్నాడు. సగం చాయ్ వదిలేసి లేచిపోయాడు.

ఆ రోజు మాకు రెండు బాధలు మిగిలాయి. ఆ మాట పడనందుకు ఒక బాధ, మంచి మిత్రుణ్ణి నొప్పించినందుకు ఇంకో బాధ. ఊరుకుంటే సరిపోయేదా? శత్రువు అన్న మాటకు జవాబు చెప్పడం సులువు. మనవాడు అన్న మాటకు ఎట్లా చెప్పాలి? జయంతి నాడు చదవడానికని బాబాసాహెబ్ రచనలు తీస్తే, ఇదే చిక్కు ఆయన జీవితంలోనూ ఉందని తెలిసింది. ఆయన్ని రాజ్యాంగ నిర్మాతగా అందరూ తలుస్తారు. ఈసారి మేం ఆయన జీవితాన్ని ఈ ఒక్క దారి నుంచి చెప్పుకోవాలనుకున్నాం. తెలిసినవాళ్లు, మేలు కోరినవాళ్లు తన జనం బాధను ఇంకోదానితో పోల్చి చిన్నది చేసినప్పుడు ఆయన ఏం చేశారన్నదే ఆ దారి.

టోల్‌గేట్ దగ్గర నీళ్లు

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే పోయారు. సతారాలో బడికి పోతే కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. దాహమేస్తే బడి ప్యూన్ పైనుంచి పోస్తేనే నీళ్లు. ప్యూన్ లేని రోజు నీళ్లు లేవు.

1901లో తండ్రి కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. వేసవి సెలవుల్లో ఆయన దగ్గరికని పిల్లలు రైల్లో బయలుదేరారు. భీమ్‌రావు, అన్న, చనిపోయిన అక్క పిల్లలిద్దరు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు కట్టిన పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ దగ్గరికొచ్చి మాట్లాడాడు. మహర్లమని చెప్పగానే వెనక్కి జరిగాడు. బండ్లున్నా ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి మీద ఒక బండి కుదిరింది. షరతేమిటంటే పిల్లలే బండి తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. రాత్రి టోల్ వసూలు చేసే గుడిసె దగ్గర ఆగారు. ఉర్దూ వచ్చు కాబట్టి ముస్లింలమని చెప్పి నీళ్లడిగారు. అయినా దొరకలేదు. దగ్గర డబ్బాల నిండా తిండి ఉంది. తాగడానికి నీళ్లు లేక ఆ తిండి తినలేక అట్లాగే పడుకున్నారు. మా బసంత్‌నగర్ టోల్‌గేట్ దాటినప్పుడల్లా మాలో కొందరికి ఆ గుడిసె గుర్తొస్తుంది.

ఈ సంగతులు ఆయన తర్వాత వెయిటింగ్ ఫర్ ఎ వీసా అనే చిన్న స్వీయకథలో రాసుకున్నారు. విదేశీయులకు అంటరానితనం ఉందని తెలుసుగానీ అది ఎంత నలిపేస్తుందో తెలియదన్నది అక్కడ ఆయన మొదటి సంగతి. ఆ తెలియని మనిషికి తెలియజెప్పాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఆయనకు తెలిసిన బాధతో పోల్చడం. రెండోది, జరిగింది జరిగినట్టు చెప్పడం. ఆ పుస్తకంలో ఆయన రెండో దారి పట్టారు. బండి, టోల్ గుడిసె, నీళ్లు లేని రాత్రి. అంతే చెప్పారు, మిగతాది చదివేవాళ్లకు వదిలేశారు.

న్యూయార్క్‌లో ఒక పెద్దమనిషి

1907లో మెట్రిక్, 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. 1913లో తండ్రి చనిపోయారు. ఆ ఏడే బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ నవల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో ఒకే గదిలో ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది, డబ్బు ఇబ్బందుల్లో భతేనా చాలాసార్లు ఆదుకున్నాడు. కొలంబియా పక్కనే హార్లెం ఉంది. నల్లజాతి ప్రజలు దక్షిణాది నుంచి వచ్చి అక్కడ స్థిరపడుతున్న కాలమది.

1914 చివర్లో లాలా లజపతి రాయ్ అమెరికా చేరారు. పంజాబ్ కేసరిగా దేశమంతా తెలిసిన మనిషి, ఆర్యసమాజ్ నాయకుడు. వయసులో అంబేద్కర్ కంటే 26 ఏళ్లు పెద్ద. లైబ్రరీలో తల వంచుకుని చదివే ఈ యువకుడితో ఆయన మాట కలిపారు, జాతీయోద్యమంలోకి రమ్మని అడిగారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. మహారాజుకు ఇచ్చిన మాట ఉంది, చదువు పూర్తి కావాలి. స్నేహమనే మాట ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఇద్దరూ ఒక ఈడువాళ్లు కాదు, ఒక దారివాళ్లూ కాదు. కానీ పరదేశంలో ఒకరినొకరు తెలుసుకున్నవాళ్లు, ఒకరి తెలివిని ఒకరు గుర్తించినవాళ్లు.

లజపతి రాయ్ అమెరికాను కళ్లు తెరిచి చూశారు. నల్లజాతి నాయకుడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. 1916లో అమెరికా గురించి రాసిన పుస్తకంలో నల్లవాళ్ల స్థితిని మన దేశపు అంటరానివాళ్ల స్థితి పక్కన పెట్టి చూశారు. ఆ పోలికలో ఇద్దరి బాధా కనిపిస్తుంది. ఇది గుర్తుంచుకోవాలి. ఎందుకంటే 12 ఏళ్ల తర్వాత అదే మనిషి, అవే రెండు బాధలు, పోలిక మాత్రం తిరగబడింది.

బరోడాలో ఇద్దరు మిత్రులు

దానికి ముందు 1917 సంగతి చెప్పాలి. చదువు మధ్యలో వదిలి అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఉండడానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నారు. 11వ రోజున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి బయటికి పొమ్మన్నారు. అప్పుడాయనకు ఇద్దరు మిత్రులు గుర్తొచ్చారు. ఒకరు హిందువు, ఇంకొకరు క్రైస్తవుడు. హిందూ మిత్రుడు బాధపడ్డాడు గానీ, ఈయన ఇంటికొస్తే పనివాళ్లు వెళ్లిపోతారని చెప్పాడు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన రెండో మిత్రుడు, ఊరెళ్లిన భార్య మర్నాడు వస్తుందని, ఆమెను అడగాలని చెప్పాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ తలుపు తియ్యలేదు. అంబేద్కర్ కామాఠీ బాగ్ తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు.

కర్రలు పట్టుకొచ్చినవాళ్లు పార్సీలు. న్యూయార్క్‌లో ఒకే గదిలో ఉండి, తర్వాత కూడా అప్పు ఇచ్చి నిలబెట్టిన భతేనా కూడా పార్సీయే. మంచి మనసు ఒకటే చాలదని, ఆ మనసు గడప దగ్గరికొచ్చాక ఏం చేస్తుందన్నదే లెక్కని ఆయనకు అక్కడే తెలిసింది. లజపతి రాయ్‌తో ఆయన విభేదాన్ని కూడా మేం ఈ బరోడా సాయంత్రం నుంచే అర్థం చేసుకుంటున్నాం.

ఒక పుస్తకానికి జవాబు, ఆ జవాబుకు జవాబు

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లను అంబేద్కర్ వేలాది జనంతో కలిసి తాగారు. అదే ఏడు డిసెంబర్ 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. ఆ తీర్మానం పెట్టింది సహస్రబుద్ధే అనే బ్రాహ్మణ సహచరుడు. అంటే మిత్రుడు మిత్రుడిగా నిలబడితే ఎట్లా ఉంటుందో కూడా మహద్ చూపించింది.

అదే 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మదర్ ఇండియా అనే పుస్తకం తెచ్చింది. బాల్యవివాహాలు, అంటరానితనం, రోగాలు, మురికి చూపించి ఈ దేశం స్వపరిపాలనకు తగదని తేల్చింది. తెల్ల దొరతనానికి పనికొచ్చే పుస్తకమది. దేశమంతా మండిపడింది. లజపతి రాయ్ 1928లో అన్‌హ్యాపీ ఇండియా పేరుతో జవాబు రాశారు. అంటరానితనాన్ని ఆయన అందులో సమర్థించలేదు, అది తప్పేనన్నారు. కానీ అమెరికాలో నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్న చరిత్రను, చెట్లకు ఉరేసి కాల్చిన ఘటనలను ముందు పెట్టి, అంటరానితనం బానిసత్వం కంటే ఘోరమైంది కాదని వాదించారు.

ఆ పుస్తకం ఎవరి కోసం రాశారో చూడండి. చదివేది అమెరికన్లు, ఇంగ్లీషువాళ్లు. చెప్పేది ఒక హిందూ జాతీయ నాయకుడు. మధ్యలో రెండు జాతుల గాయాలు సాక్ష్యంగా నిలబడ్డాయి. నల్లవాళ్ల గాయం అమెరికన్ నోరు మూయించడానికి పనికొచ్చింది. అంటరానివాళ్ల గాయం ఆ పక్కన పెట్టాక చిన్నదైపోయింది. గాయపడ్డవాళ్లను ఎవరూ అడగలేదు. 1916లో కలుపుతూ పెట్టిన పోలిక, 1928లో తప్పించుకునే పోలిక అయింది.

ఆ ఏడాదే వాళ్లిద్దరి దారులు ఇంకా దూరమయ్యాయి. సైమన్ కమిషన్‌ను జాతీయోద్యమం బహిష్కరించింది. అంబేద్కర్ మాత్రం తన జనం మాట నమోదు కావాలని 1928 అక్టోబర్ 23న పూనాలో కమిషన్ ముందు సాక్ష్యమిచ్చారు. వారం తిరిగేసరికి అక్టోబర్ 30న లాహోర్‌లో అదే కమిషన్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీసిన లజపతి రాయ్ మీద పోలీసులు లాఠీలతో పడ్డారు. నవంబర్ 17న ఆయన కన్నుమూశారు. దేశం కోసం దెబ్బలు తిని పోయిన మనిషి. ఆయన త్యాగం నిజం, ఆయన పోలికలోని తప్పూ నిజం. ఒకదాని కోసం రెండోదాన్ని దాచాల్సిన పని లేదు.

అంబేద్కర్ దాచలేదు. ఆయన రాసిపెట్టుకున్న జవాబు అచ్చయిన రచనల 5వ సంపుటిలో మనకు దొరుకుతుంది. లజపతి రాయ్ పేరు అందులో మర్యాదగానే ఉంటుంది. ఇంత పెద్దమనిషే ఈ వాదన చేశాడంటే దీన్ని కొట్టిపారేయడానికి లేదన్నది ఆయన ధోరణి. ప్రపంచం బానిసత్వాన్ని మించిన ఘోరాన్ని చూడలేదు కాబట్టి ఈ మాటను నమ్మేస్తుందని, అందుకే జవాబు అవసరమని ఆయన ఉద్దేశం.

ఆయన వాదన ఇట్లా సాగుతుంది. ముందుగా, హిందువుల్లో బానిసత్వం లేదన్నదే అబద్ధం. మనువు, నారదుడు బానిసల రకాలు లెక్కపెట్టి మరీ రాశారు. తర్వాత, బానిసను చట్టం మనిషిగా చూడదు, సొత్తుగా చూస్తుంది. కానీ రోమ్‌లో బానిసలు వైద్యులయ్యారు, గురువులయ్యారు, లేఖకులయ్యారు. అంటరానివాణ్ణి చట్టం మనిషిగానే చూస్తుంది, బతుకులో మాత్రం ఆ దారులన్నీ మూసేస్తారు. సొత్తు పాడవకూడదని యజమాని బానిసకు తిండి పెడతాడు, అంటరానివాడు ఆకలితో చస్తే పోయేది ఎవరికీ లేదు. బానిసత్వం తప్పనిసరి కాదు, యజమాని తలచుకుంటే విడిపించవచ్చు. అంటరానితనం నుంచి విడుదల చేసే యజమాని లేడు, పుట్టుకతో వచ్చి చావుతోనే పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బానిసకు తన సంకెళ్లు కనిపిస్తాయి. అంటరానితనం తన పేరు దాచుకున్న బానిసత్వం. కనిపించని సంకెలను తెంచాలని అనిపించడమే కష్టం.

మేం బాబాసాహెబ్‌తో కూడా మాట్లాడాలి

ఇక్కడ మేం ఒక్క క్షణం ఆగాలి. ఈ జవాబు చదివినప్పుడు మొదట మాకు చప్పట్లు కొట్టాలనిపించింది. రెండోసారి చదివితే మనసు ఒప్పలేదు. రెండింటినీ తూకం వేసి, చదువుకూ సంస్కృతికీ సంపదకూ బానిసత్వంలోనే ఎక్కువ చోటుందని ఆయన తేల్చారు. రెండూ స్వేచ్ఛ లేని వ్యవస్థలేనని చెప్పారు గానీ, తూకం మాత్రం గట్టిగా వేశారు. ఆయన ముందున్న పుస్తకాలు రోమ్ చరిత్ర గురించి, అమెరికాలో పనితనం నేర్చిన బానిసల గురించి చెప్పాయి. వేలంలో తల్లి నుంచి విడదీసి అమ్మిన పిల్లల సంగతి, యజమానుల చేతుల్లో ఆడవాళ్లకు జరిగిన అత్యాచారాల సంగతి ఆ తూకంలో బరువుగా పడలేదు.

అమెరికా దక్షిణాదిలో చాలా రాష్ట్రాలు బానిసలకు చదువు చెప్పడాన్నే నేరం చేశాయి. ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు అక్షరాలు నేర్పుతున్న ఇల్లాలిని ఆమె భర్త ఆపేశాడు. డగ్లస్ దొంగచాటుగా నేర్చుకుని, పారిపోయి, 1845లో తన కథ తానే రాసుకున్నాడు. వేదం వినకూడదని శూద్రుని చెవులకు శిక్ష రాసిన దేశంలో పుట్టిన మనకు ఆ చట్టాలు కొత్తగా అనిపించవు. డగ్లస్ మనవడో మనవరాలో మా బల్ల దగ్గర కూర్చుని ఉంటే, బాబాసాహెబ్ వేసిన తూకం విని మా తమ్ముడిలాగే చాయ్ పక్కన పెట్టేవాళ్లేమో.

ఈ మాట చెప్పడానికి మాకు భయంగానే ఉంది. మన దగ్గర ఆయన మాట మీద మాట మాట్లాడితే ద్రోహమనుకునేవాళ్లున్నారు. కానీ భక్తితో కాదు బుద్ధితో చదవమని జీవితమంతా చెప్పింది ఆయనే. నాయకపూజ ప్రమాదమని హెచ్చరించిందీ ఆయనే. లజపతి రాయ్ గారి పోలికను ఆయన ఎందుకు కాదన్నారో మనకు అర్థమైతే, అదే కొలతను ఆయన పోలికకూ వేయగలగాలి. ఒక తేడా మాత్రం ఉంది. లజపతి రాయ్ తనది కాని బాధను చిన్నది చేశారు. అంబేద్కర్ తన ఒంటి మీద పడ్డ బాధను చిన్నది చేయనివ్వకుండా అడ్డుపడ్డారు. అడ్డుపడే తొందరలో పక్కవాడి బాధను కాలితో తగిలారు. ఇద్దరిదీ ఒకే తప్పు కాదు. అయినా తగిలినచోట నొప్పి నొప్పే.

లాహోర్ మిత్రులు, బొంబాయి మిత్రులు

లజపతి రాయ్ ఊరు లాహోర్ నుంచే 1936లో ఇంకో మిత్రబృందం వచ్చింది. జాత్‌పాత్ తోడక్ మండల్ కులానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థ. తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా అంబేద్కర్‌ను పిలిచారు. ఆయన రాసిన ప్రసంగం చూశాక హిందూ మతశాస్త్రాల మీద ఉన్న భాగాలు తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన ఖరారుగా చెప్పేశారు. సభ రద్దయింది. ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చేయించారు. ఈరోజు మనమంతా చదువుకునే కులనిర్మూలన అదే. మిత్రులు దూరమైనా మాట మిగిలింది. మండలితో నడిచిన ఉత్తరాలను కూడా ఆ పుస్తకంలోనే పెట్టారు. గొడవను గుసగుసగా వదలకుండా అందరి ముందు పెట్టడం ఆయన పద్ధతి.

కార్మిక ఉద్యమంలో ఆయన ఎదుర్కొన్నది మా చాయ్ హోటల్ గొడవకు ఇంకా దగ్గర. బొంబాయి బట్టల మిల్లుల్లో జీతం బాగా ఉండే నేత విభాగంలోకి అంటరాని కులాల కార్మికులను రానిచ్చేవాళ్లు కాదు. కండె మార్చేటప్పుడు దారాన్ని నోటితో అందుకోవాలి, ఆ ఎంగిలి సాటి కార్మికులకు పడదు. యజమాని కాదు, పక్కనున్న కార్మికుడే అడ్డం. 1928 మిల్లు సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ సంగతిని యూనియన్ నాయకుల ముందు పెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో, కార్మికులకు ఇద్దరు శత్రువులున్నారని, ఒకటి బ్రాహ్మణిజం, రెండోది పెట్టుబడిదారీ విధానమని చెప్పారు. అట్లాగని కార్మిక పోరాటం నుంచి తప్పుకోలేదు. అదే ఏడు నవంబర్ 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో సమ్మె నడిపారు. విభేదం చెప్పడం, కలిసి నడవడం ఒకే మనిషి ఒకే ఏడాదిలో చేసి చూపించిన పనులు. కులం మాట ఎత్తితే ఐక్యత చెడుతుందనే మా మిత్రునికి 1938 సరైన జవాబు.

గనిలోకి దిగిన మంత్రి

1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యులయ్యారు. 1943 డిసెంబర్‌లో ఝరియా, రాణిగంజ్ బొగ్గు గనులకు వెళ్లి, లోపలికి దిగి, పని ఎట్లా చేస్తారో చూశారు, కార్మికుల ఇళ్లకు వెళ్లి మాట్లాడారు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. ఇళ్లు, వైద్యం, నీళ్ల కోసం బొగ్గు మీద సెస్సు వేసి డబ్బు కూర్చే పద్ధతి అది. మన సింగరేణి అప్పుడు నైజాం రాజ్యంలో ఉంది. అయినా గని కార్మికుని ఇల్లు, దవాఖానా సర్కారు బాధ్యత అనే ఆలోచన ఈ దేశంలో బలపడిన రోజులు అవే.

ఇందులో ఇబ్బందిపెట్టే సంగతి కూడా ఒకటుంది. యుద్ధకాలంలో బొగ్గు చాలడం లేదని 1943లో ఆడవాళ్లు గని లోపల పనిచేయకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. 1944లో చట్టసభలో దాన్ని అత్యవసర చర్యగా సమర్థించే బాధ్యత అంబేద్కర్ మీద పడింది, ఆయన సమర్థించారు. 1946లో నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చింది. గని కుటుంబాల్లో పుట్టిన మా ఆడపిల్లలు ఈ సంగతి అడుగుతారు, అడగాలి కూడా. పెద్దమనిషి జీవితం చెప్పేటప్పుడు మనకు నచ్చినవి మాత్రమే చెబితే అది జీవితం కాదు, పటం.

గని లోపల కులం లేదన్న మా మిత్రుని మాట పూర్తి అబద్ధం కాదు. పైకప్పు కూలితే కులం చూసి కూలదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు చెయ్యి అందుకున్నవాడి కులం ఎవరూ అడగరు. ఆ అనుభవం ఆయనది, దాన్ని మేం కాదనం. కానీ షిఫ్టు ఎనిమిది గంటలే. మిగతా పదహారు గంటలు ఊళ్లో, వాడలో, పెళ్లి సంబంధంలో, కిరాయి ఇంట్లో గడుస్తాయి.

నైజాం రాజ్యంలోనే ఉన్న దౌలతాబాద్ కోటలో 1934లో అంబేద్కర్‌కు జరిగింది ఇదే. అప్పటికి ఆయన డాక్టరేట్లు ఉన్న బారిస్టరు, రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లొచ్చిన నాయకుడు. కోట వాకిట్లోని తొట్టి నీళ్లతో సహచరులు కాళ్లు కడుక్కుంటే, అంటరానివాళ్లు నీళ్లు మైల చేశారని ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు. చివరికి నీళ్లు ముట్టకుండా చూడడానికి ఆయుధం పట్టిన కాపలా మనిషిని వెంటపెట్టి కోట చూపించారు. పట్టాలతో పోనిది, సబ్బుతో పోనిది అంటే అర్థమిది.

డుబోయిస్‌కు ఒక ఉత్తరం

1946లో అంబేద్కర్ న్యూయార్క్‌కు ఒక ఉత్తరం రాశారు. ఒకప్పుడు లజపతి రాయ్‌కు మిత్రుడైన ఆ డుబోయిస్‌కే. అమెరికా నల్లజాతి ప్రజలు తమ హక్కుల కోసం ఐక్యరాజ్య సమితికి విన్నపం పెట్టారని తెలిసి, దాని ప్రతులు రెండు మూడు పంపమని అడిగారు. నల్లవాళ్ల స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని, అందుకే వాళ్ల చరిత్రను చదువుతున్నానని అందులో చెప్పారు. జూలై 31న డుబోయిస్ జవాబిచ్చారు. విన్నపం ప్రతి పంపారు, అంటరానివాళ్ల పోరాటం మీద తన సానుభూతి తెలిపారు.

ఈ ఉత్తరంలో తూకం లేదు. ఎవరి బాధ ఎక్కువో తేల్చే పని లేదు. రెండు బాధలు పక్కపక్కన నిలబడ్డాయి, ఆ వెంటనే ఒక పని మొదలైంది: కాగితాలు పంపండి, మేమూ చదువుతాం, మేమూ దారి వెతుక్కుంటాం. బాబాసాహెబ్ గురువుగా తలచిన జోతిబా ఫూలే 1873లో గులాంగిరీ పుస్తకాన్ని నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకు అంకితమిచ్చిందీ ఇటువంటి పోలికతోనే. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్ల పేరు చూసి దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నదీ ఇటువంటి పోలికతోనే.

కాబట్టి పోలికలు పెట్టొద్దని మేం అనడం లేదు. పోలిక లేకపోతే ఒకరి బాధ ఇంకొకరికి ఎట్లా అందుతుంది? కరోనా వచ్చినప్పుడు దూరం దూరం నిలబడ్డవాళ్లు తమకూ అంటరానితనం అర్థమైందని చెప్పుకున్నారు. అర్థమైనవాళ్లు వాడలోకి వచ్చి రెండు గ్లాసుల పద్ధతి గురించి అడిగి ఉంటే ఆ పోలికకు విలువ ఉండేది. వైరస్ తగ్గగానే మరిచిపోతే అది మన బాధను కాసేపు అద్దెకు తీసుకోవడమే. ఒక పోలిక పెట్టాక అటు పక్కనున్న మనిషి మాట వినాలనిపించిందా, లేక మాట అక్కడితో ముగిసిందనిపించిందా? లజపతి రాయ్ 1928 పోలిక మాటను ముగించింది. డుబోయిస్‌కు రాసిన ఉత్తరం మాటను మొదలుపెట్టింది.

మళ్లీ చాయ్ హోటల్

ఆ తర్వాతి జీవితం అందరికీ తెలిసిందే. 1949 నవంబర్ 26న రాజ్యాంగం ఆమోదం పొందింది, 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1951లో మంత్రిపదవికి రాజీనామా చేశారు. 1953 జనవరిలో ఉస్మానియా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో లక్షలాది జనంతో బౌద్ధం తీసుకున్నారు. డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు.

మా మిత్రుడు రెండు ఆదివారాలు రాలేదు. మూడోవారం మేమే ఆయన క్వార్టర్‌కు వెళ్లాం. తప్పు ఒప్పుకోమని అడగడానికి కాదు. ఆయన మాట మాకు ఎందుకు గుచ్చుకుందో కూర్చుని చెప్పడానికి. చెప్పాం. కండె సంగతి, దౌలతాబాద్ తొట్టి సంగతి చెప్పాం. బాబాసాహెబ్‌తో మాకే వచ్చిన పేచీ కూడా చెప్పాం. అది విన్నాక ఆయన కొంచెం మెత్తబడ్డాడు. తప్పు తన ఒక్కడికే అంటగట్టడం లేదని అనిపించిందేమో. పూర్తిగా ఒప్పుకోలేదు. మసి మీద తన మాటలో ప్రేమ ఉందని మళ్లీ అన్నాడు. ఉందని మాకూ తెలుసు. లేస్తుంటే, నేత విభాగంలో కార్మికులే అడ్డుపడ్డారన్న సంగతి నిజమేనా అని మళ్లీ ఒకసారి అడిగాడు. పుస్తకం ఇచ్చి వచ్చాం.

జయంతి రోజు ఆయన వచ్చాడు. వెనక వరసలో నిలబడ్డాడు. పుస్తకం ఇంకా తిరిగి ఇవ్వలేదు. మేం అడగలేదు. ఆయన చదువుతున్నాడనే అనుకుంటున్నాం.

జై భీమ్.